డ్రైవర్ లేని కారొస్తే మన డ్రైవర్ల సంగతేమిటి?

పోయిన శుక్రవారం మలాజ్‌లో కింగ్ అబ్దుల్లా పార్కు దగ్గర నలుగురం కూర్చున్నాం. హౌస్ డ్రైవర్‌గా పనిచేసే నిజామాబాద్ తమ్ముడొకరు అడిగాడు: "అన్నా, మా బామ్మర్ది అప్పు చేసి డ్రైవర్ వీసా మీద వస్తానంటున్నాడు. ఇక్కడేమో డ్రైవర్ లేని కార్లు వచ్చేశాయంటున్నారు. రమ్మనాలా, వద్దనాలా?"

కార్లు వచ్చిన మాట నిజమే. 2025 జూలైలో రియాద్‌లో తమంతట తామే నడిచే ట్యాక్సీలను ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. కింగ్ ఖాలిద్ విమానాశ్రయం కూడా ఆ దారుల్లో ఉంది. అయితే అప్పుడు భద్రత కోసం కారులో ఒక మనిషిని కూర్చోబెట్టారు. ఎందుకో తెలిస్తే సగం జవాబు దొరికినట్లే.

2024 డిసెంబర్ 1న మొదలైన రియాద్ మెట్రోకూ డ్రైవర్ లేడు. కానీ దానికి పట్టాలున్నాయి, అడ్డొచ్చేవారు లేరు. ఎక్కడ ఆగాలో, ఎప్పుడు కదలాలో ముందే రాసిపెట్టవచ్చు. రోడ్డు మీద అలా కుదరదు. అందుకే కారుకు కెమెరాలు, రాడార్లు అమర్చి, లక్షలాది దృశ్యాలు చూపించి ఇది మనిషి, ఇది సైకిల్, ఇది సిగ్నల్ అని నేర్పిస్తారు. దీన్నే మెషీన్ లెర్నింగ్ అంటారు. కొత్త డ్రైవర్‌కు బండి తోలగా తోలగా చేయి తిరిగినట్లే ఇదీ. చిక్కేమిటంటే, ఎక్కువగా చూసినదాన్నే యంత్రం బాగా గుర్తుపడుతుంది. ఎన్నడూ చూడనిది ఎదురైతే పొరబడవచ్చు. ఇసుక తుఫాను, రోడ్డు పని దగ్గర చేత్తో సైగ చేసే మనిషి, ఇలాంటివే దానికి కష్టం.

మన దగ్గరా ఈ పని జరుగుతోంది. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో, మనిషి లేకుండా నడిచే వాహనాలను పరీక్షించే 'టీహాన్' ట్రాక్‌ను 2022 జూలైలో ప్రారంభించారు. గేదెలు, ఆటోలు ఒకే దారిలో వచ్చే మన రోడ్లు వేరు. రియాద్‌లో నేర్చిన బండి అక్కడ మళ్లీ నేర్చుకోవాల్సిందే.

కనుక తమ్ముడికి మేం చెప్పింది ఇదే. డ్రైవర్ పని రేపే పోదు. అలాగని ఎల్లకాలం ఇలాగే ఉంటుందనీ అనుకోవద్దు. పదేళ్లు స్టీరింగ్ పట్టుకుని తీరుస్తానని వడ్డీకి అప్పు తేవద్దు. వచ్చేవాడు ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏజెంటు ద్వారానే రావాలి. హెవీ లైసెన్సో, బండి ఎలక్ట్రికల్ పనో చేతిలో ఉంటే మంచిది. కారు తనంతట తాను నడిచినా, చెడిపోతే బాగుచేయడానికి మనిషి కావాలి కదా!