పూరీ సముద్రం దగ్గర మన మాట

సెలవులకు సముద్రం ఉన్న ఊరికి పోదామంటే మన కుటుంబాల్లో ముందుగా వినిపించే పేర్లు గోవా, విశాఖ, పుదుచ్చేరి. పూరీ అన్నామో, పెద్దవాళ్లు మాత్రమే ఉత్సాహపడతారు. అది తీర్థయాత్ర గదా అని పిల్లలు మొహం ముడుచుకుంటారు. నిజానికి మామ్మగారి దర్శనమూ, మనవడి కెరటాలూ ఒకే ఊళ్లో, ఒకే బసలో కుదిరే చోటు మన తూర్పుతీరంలో ఇంతకంటే మంచిది లేదు. బరంపురం వాళ్లకు అది పొరుగూరే. బెంగుళూరు, చెన్నై, ముంబయి వాళ్లకు కాస్త దూరాభారమైనా, వారం రోజుల సెలవు చేతిలో ఉంటే ఇబ్బంది లేని ప్రయాణం.

అయితే ఒక తమాషా ఉంది. పూరీ వెళ్లేముందు గుడి గురించి నలుగురినీ అడిగి తెలుసుకుంటాం. పండాలు ఎలా ఉంటారు, దర్శనానికి ఏ వేళ మంచిది, ప్రసాదం ఎక్కడ దొరుకుతుంది, అన్నీ. సముద్రం గురించి మాత్రం ఎవరినీ అడగం. సముద్రంలో దిగడానికి అడగడమేమిటి అనుకుంటాం. అడగవలసింది అదే. పైగా అడిగితే జవాబు చెప్పే మనిషి అక్కడ తెలుగువాడే! ఆ మాట తర్వాత చెబుతాను. ముందు ప్రయాణం సంగతి.

ఎప్పుడు వెళ్లాలన్నది అన్నిటికంటే ముఖ్యం. పిల్లలకు బడి సెలవులు ఏప్రిల్, మే నెలల్లో గనుక అప్పుడే బయలుదేరే వాళ్లెక్కువ. ఎండ సంగతి అలా ఉంచినా, ఆ నెలల నుంచి సెప్టెంబరు దాకా సముద్రం మంచి కోపంగా ఉంటుంది. దక్షిణ మహాసముద్రాల నుంచి వచ్చే పొడుగాటి కెరటాలు, నైరుతి గాలి కలిసి తీరాన్ని బాదుతూ ఉంటాయి. ఇక జ్యేష్ఠ పౌర్ణమి, అంటే సాధారణంగా జూన్ నెలలో, స్నానయాత్ర జరుగుతుంది. ఆ తర్వాత రథయాత్ర దాకా సుమారు పదిహేను రోజులు స్వామివారికి జ్వరమని గర్భగుడిలో దర్శనం ఉండదు. దాన్ని అనసర అంటారు. ఇది తెలియక అంతదూరం వచ్చి, మూసిన తలుపులు చూసి ఉసూరుమనే కుటుంబాలు ఏటా ఉంటాయి. ఆ రోజుల్లో భక్తులు బ్రహ్మగిరిలోని అలార్‌నాథుని దర్శించుకుంటారు. కనుక జూన్ ప్రయాణమైతే పంచాంగం చూడకుండా టికెట్టు కొనవద్దు. రథయాత్రకు వెళ్లాలనుకునేవారి సంగతి వేరు. అది జనంలో ఈదడం, సముద్రంలో కాదు.

దసరా సెలవుల్లో బెంగాలు నుంచి ఊళ్లకు ఊళ్లే దిగుతాయి. గదులు దొరకవు, దొరికినా ధర వినలేం. అక్టోబరు, నవంబరుల్లో తుఫాను భయమూ ఉంటుంది. నా మటుకు నాకు సంక్రాంతి దాటిన తర్వాత నుంచి ఫిబ్రవరి ఆఖరు వరకు ఉన్న రోజులే మేలనిపిస్తుంది. చలి గిలిగింతలు పెడుతుందే గాని వణికించదు. నీళ్లు కూడా కొంత నెమ్మదిస్తాయి. పిల్లల బడికి నాలుగు రోజులు సెలవు చీటీ రాయవలసి వస్తుందేమో, రాయండి.

రైలు విషయంలో ఒక్క మాట. హౌరా, చెన్నై ప్రధానమార్గంలో పోయే బళ్లు చాలావరకు పూరీలోకి రావు. ఖుర్దా రోడ్డు జంక్షనులో దిగితే అక్కడికి పూరీ 44 కిలోమీటర్లు, లోకల్ బళ్లు ఉంటాయి. భువనేశ్వరంలో దిగితే రోడ్డు మీద 60 కిలోమీటర్లు. 2024 నవంబరు 1 నుంచి రిజర్వేషను 60 రోజుల ముందు మాత్రమే మొదలవుతోంది. పూర్వంలా నాలుగు నెలల ముందు కొని బీరువాలో పెట్టుకునే వీలు లేదు. బరంపురం వైపు నుంచి సొంత కారులో వచ్చేవాళ్లకు ఇంకో సరదా ఉంది. జాన్హికుడా దగ్గర కారుతో సహా పెద్ద పడవ ఎక్కి, చిలక సరస్సు దాటి సాతపడాలో దిగవచ్చు. పిల్లలు ఈ పడవ ప్రయాణాన్ని మిగతా యాత్రంతటికంటే ఎక్కువగా తలుచుకుంటారు.

బస ఎటువైపు తీసుకోవాలి? ‘సముద్రానికి ఎదురుగా’ అని రాసి ఉంటే చాలు, డబ్బు కట్టేస్తాం. స్వర్గద్వారం వైపు అంగళ్లు, జనం, సందడి అన్నీ ఉంటాయి. స్వర్గద్వారం అంటే శ్మశానవాటిక అని కూడా తెలిసి ఉండాలి. అక్కడ దహనం జరిగితే పుణ్యమని దూరాల నుంచి తీసుకువస్తారు. కిటికీ తెరిస్తే పొగ కనబడటం కొందరికి వైరాగ్యం, కొందరికి దిగులు. చిన్నపిల్లలతో వెళ్లేవారికి తూర్పువైపు చక్రతీర్థం రోడ్డు ప్రశాంతంగా ఉంటుంది. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన గోల్డెన్ బీచ్‌లో స్నానాల గదులు, బట్టలు మార్చుకునే గదులు, కాపలా మనుషులు ఉన్నారు. ఆడవాళ్లకు అది ఎంత సుఖమో వేరే చెప్పనక్కరలేదు.

ఇహ సముద్రం. పూరీ తీరం మెల్లగా లోతు పెరిగే తీరం కాదు. ఒడ్డుకు దగ్గరలోనే కెరటం పైకి లేచి, ఒక్కసారిగా విరిగి పడుతుంది. మోకాటి లోతులో నిలుచున్న మనిషిని పడగొడుతుంది. పడిన వాడు లేచేలోపల వెనక్కి పోయే నీరు కాళ్ల కింద ఇసుక లాగేస్తుంది. ఇది ఒక ప్రమాదం. రెండోది ఇంతకంటే మోసకారి. కెరటాలు ఒడ్డుకు తోసిన నీళ్లన్నీ ఎక్కడో ఒకచోట నుంచి తిరిగి లోపలికి పోవాలి గదా! ఇసుక తిన్నెల మధ్య పల్లం దొరికినచోట అవి కాలవలా కలిసి సముద్రంలోకి జోరుగా పరుగెత్తుతాయి. విచిత్రమేమంటే ఆ కాలవ ఉన్నచోట కెరటాలు అంతగా విరగవు. రెండుపక్కలా తెల్లటి నురగ, మధ్యలో నిశ్చలంగా, కాస్త ముదురు రంగు నీళ్లు. ‘ఇక్కడ నెమ్మదిగా ఉంది, ఇటు రండర్రా’ అని పిల్లల్ని మనమే అక్కడికి పిలుస్తాం!

అందులో చిక్కుకున్నవాడు ఒడ్డు వైపు ఎదురీదితే అలిసిపోతాడే గాని రాలేడు. ఎంత గజ ఈతగాడైనా అంతే. చేయవలసింది కంగారుపడకుండా తేలి ఉండటం, చెయ్యి ఎత్తి పిలవడం, ఈత వస్తే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది కాలవలోంచి తప్పుకోవడం. ఒడ్డునున్న వాళ్లు ఆవేశంగా వెంట దూకరాదు. ఒక ఇంట్లో ఇద్దరు ముగ్గురు పోయే దుర్ఘటనలు ఇలాగే జరుగుతాయి. ఈ మాటలు రైల్లోనే పిల్లలకు చెప్పండి. ఇసుక మీద అడుగు పెట్టాక వాళ్ల చెవికి ఏదీ ఎక్కదు.

ఇప్పుడు ఆ తెలుగు మనిషి సంగతి. పూరీ ఒడ్డున కోసుగా ఉండే తెల్లటోపీ పెట్టుకుని, స్నానం చేసేవారి చెయ్యి పట్టుకుని కెరటాల్లోకి తీసుకుపోయే వాళ్లను నోలియాలంటారు. పాత ఫోటోల్లో దొరలూ దొరసానుల పక్కన నిలబడ్డది వీళ్లే. చాలామంది వీళ్లను ఒడియావాళ్లనుకుని వచ్చీరాని హిందీలో బేరమాడతారు. వీళ్లలో ఎక్కువమంది ఉత్తరాంధ్ర తీరం నుంచి కొన్ని తరాల క్రితం పడవల వెంట వచ్చి స్థిరపడిన వాడబలిజలు. వీరి వాడ ఊరికి తూర్పుకొసన ఉంది. పేరు పెంఠకట. ఆ పేరు వింటే మనకు పాయకరావుపేట దగ్గరి పెంటకోట గుర్తుకు రాదూ? ఎలిజబెత్ షోంబుకర్ అనే జర్మన్ పరిశోధకురాలు వీరి జీవితం మీద పెద్ద గ్రంథమే రాసింది. 1986లో అచ్చయింది. జర్మనీ నుంచి వచ్చి ఆవిడ చూసింది, పక్కనుంచి పోతూ మనం చూడం.

మేము వెళ్లినప్పుడు మా తమ్ముడి కూతురు ఇందాక చెప్పిన నిశ్చలమైన నీళ్ల వైపే పరుగెత్తింది. వెనకనుంచి గట్టిగా కేక.

“అమ్మా, ఆ పాపనక్కడ ఒగ్గీకండి! కెరటం నేదని సూత్తన్నారు గావాల, నీరు లాగీది అక్కడే!”

అరవై ఏళ్లుంటాయేమో ఆయనకు. మా మాటలు విని తెలుగువాళ్లమని పోల్చుకున్నాడన్నమాట. ఆ మూడు రోజులూ పిల్లలు ఆయన వెంటే. ఏ ఊరు బాబూ మీది అని అడిగితే, “ఇదేనండి, పూరీ. మా తాతలు వచ్చీసినారు” అన్నాడు. మీదే ఊరని ఆయన తిరిగి అడిగితే, బరంపురమని మా ఆవిడ, మైసూరని మా తమ్ముడు చెప్పారు. “అయితే మీరూ మాలాగే” అని నవ్వేశాడు. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, బెంగాలీవాళ్లతో బెంగాలీ. మనవలు మాత్రం తెలుగు వింటారు, జవాబు ఒడియాలో చెబుతారు. మన ఇళ్లల్లో జరుగుతున్నది వేరా?

2019 మే 3న ఫణి తుఫాను పూరీ దగ్గరే తీరం దాటింది. ముందుగానే రాష్ట్రంలో పది లక్షలకు పైగా జనాన్ని తరలించబట్టి ప్రాణనష్టం తగ్గింది గాని, ఒడ్డునే ఉన్న ఆ వాడలో కప్పులు మిగల్లేదు. అది చదివి అయ్యో అనుకున్న మనమే, గదికి వేలు పోసి, పిల్లల ప్రాణం పట్టుకుని నిలబడే మనిషి దగ్గర యాభై రూపాయలకు గీసి గీసి బేరమాడటం నాకు చిన్నతనంగా తోస్తుంది. ఎంతో ముందే అడగండి, ఒప్పుకుని ఇచ్చేయండి. గుడికి, గదికి, రైలుకి లెక్క వేసినట్టే ఈ ఖర్చు కూడా ఇంటి దగ్గరే కాగితం మీద రాసుకోండి. తెలుగులో పలకరించడం మాత్రం మరచిపోవద్దు.

గుడి గురించి మీకందరికీ తెలిసిందే కనుక క్లుప్తంగా. 12వ శతాబ్దంలో దీన్ని కట్టించిన అనంతవర్మ చోడగంగదేవుడి తొలి రాజధాని కళింగనగరం, అంటే మన శ్రీకాకుళం జిల్లా ముఖలింగం. 2024 జనవరి 1 నుంచి నిక్కర్లు, చిరుగుల జీన్సులు వేసుకున్నవారిని లోపలికి పంపడం లేదు. ఫోన్లు, తోలు వస్తువులు బయటే. హిందువులు కానివారికి ప్రవేశం లేదు కనుక స్నేహితుల కుటుంబాలతో కలిసి వెళ్లేవాళ్లు ముందే ఆ సంగతి మాట్లాడుకోవడం మర్యాద. పండాకు ఇచ్చే దక్షిణ కూడా ముందే తేల్చుకోవాలి. ఆనందబజారులో మహాప్రసాదం తప్పక తినండి. ఒకదానిపై ఒకటి పేర్చిన మట్టికుండల్లో, ఉల్లి వెల్లుల్లి లేకుండా, కట్టెల మంటపై వండినది. కులం అడగకుండా పక్కపక్కన కూర్చుని తినే అన్నం అది. ఆ డాల్మా మన పప్పుకూరకు అక్కలాంటిది.

కోణార్కు 35 కిలోమీటర్లు, ఒక పూట చాలు. తెల్లవారుజామున బయలుదేరితే చంద్రభాగ దగ్గర సూర్యోదయం చూడవచ్చు. చూడటమే, దిగడం వద్దు. సాతపడా దగ్గర చిలకలో ఇరవాడి డాల్ఫిన్లున్నాయి. ఇంజను మోత పెట్టి వాటిని తరమవద్దని పడవవాడికి ఎక్కేముందే చెప్పాలి. రఘురాజపురంలో పటచిత్రకారులు ఇంటింటా కూర్చుని బొమ్మలు వేస్తారు, అంగడి ధరకంటే అక్కడ కొనడమే బాగుంటుంది.

తిరుగు ప్రయాణానికి ఖాజా కొనేవాళ్లకు, ముఖ్యంగా యానాం పాఠకులకు, ఒక హెచ్చరిక. కాకినాడ కాజాలా కొరగ్గానే పాకం కారుతుందని ఆశపడకండి. ఇది పొరలు పొరలుగా, పొడిగా, కరకరలాడుతూ ఉంటుంది. పొడిది కనుకనే ముంబయి దాకా పాడవకుండా వస్తుంది. తాజాదేనా అని ఒక ముక్క రుచి చూసి మరీ తూయించుకోండి.