కూతవేటు నుండి కాంతివేటు దాక

దూరమును కొలుచుటకు మానవుడు మొదట వాడిన సాధనము తన శరీరమే. బెత్తెడు, జానెడు, మూరెడు, బారెడు అను మాటలన్నియు చేతి నుండి పుట్టినవి. చేతికి అందని దూరమునకు తెలుగువాడు గొంతును వాడుకొనెను. ఒకడు వేసిన కూత ఎంత మేర వినబడునో అంత మేర కూతవేటు. చక్కని మాట! కాని కొండలలో తిరుగువానికి దీనిని నమ్ముకొనుట కష్టము. గాలివాటున కూత ఎక్కువ దూరము పోవును, ఎదురుగాలిలో చతికిలబడును, లోయలో ప్రతిధ్వనించి మోసగించును.

ఇప్పుడు గొంతునకు బదులు వెలుగు వచ్చినది. అరచేతిలో ఇమిడెడి లేజర్ దూరమాపకమును కంటికి ఆనించి, ఎదుటి గుట్టమీది చెట్టును గురిచూచి, మీట నొక్కిన, క్షణములో అంకె కనబడును. వేటకు చట్టము అనుమతించు అమెరికా వంటి దేశములలో దూరపు వేటగాండ్రకు ఇది తుపాకితోపాటు ఉండవలసిన వస్తువైనది. మన దేశములో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో వినోదపు వేటకు కాలము చెల్లినది. అయినను ఈ పరికరము మన అడవులకును వచ్చినది. చంపుటకు గాదు, లెక్కించుటకు. దానిని ఎన్నుకొను విధము మాత్రము ఇద్దరికిని ఇంచుమించు ఒక్కటే.

దాని పని సులభముగనే బోధపడును. వెలుగు సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోవును. పరికరము కంటికి కనబడని పరారుణ కాంతిని ఒక్క మెరపుగా పంపును. అది ఎదుటి వస్తువును తాకి తిరిగి వచ్చు కాలమును లెక్కించి, అందు సగమును దూరముగా మార్చును. సెకనులో పదిలక్షలవ వంతు కాలము పట్టినచో వస్తువు 150 మీటర్ల దూరమున ఉన్నదన్నమాట. ఒక మీటరు తేడాను పసిగట్టవలెనన్న, సెకనును నూరు కోట్ల భాగములుగా చేసి అందు ఏడు భాగముల కాలమును గుర్తింపగలుగవలెను. 1960లో థియొడోర్ మైమన్ కెంపు స్ఫటికముతో తొలి లేజరును వెలిగించిన పిదప గాని ఇట్టి కొలత సాధ్యము కాలేదు. 1969లో చంద్రునిపై దిగినవారు అక్కడ ఉంచివచ్చిన అద్దముల పలకకు భూమి నుండి లేజరును పంపి చంద్రుని దూరమును కొలిచినదియు ఈ సూత్రముతోనే. అంత దూరము పోనక్కరలేదు. తిరుపతి నుండి చిత్తూరు పోవు మార్గమున గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల కలదు. అక్కడ 1998లో జపాను శాస్త్రజ్ఞుల సహకారముతో నెలకొల్పిన లైడార్ రాత్రివేళ ఆకుపచ్చని లేజరు కిరణమును ఆకాశమునకు పంపి, గాలిలోని అణువుల నుండియు ధూళి నుండియు వెనుకకు వచ్చు వెలుగును పట్టి, పొరలు పొరలుగా వాయుమండలమును పరిశీలించును. గాదంకి లైడార్‌కును వేటగాని జేబులోని పరికరమునకును పరిమాణమున ఏనుగునకు చీమకు ఉన్నంత తేడా. వంశము మాత్రము ఒక్కటే.

పూర్వపు వేటగాండ్రకు ఇది ఎందుకు అక్కరలేకపోయెను? కెనెత్ ఆండర్సన్ చామల లోయ పులిని గూర్చియు మామండూరు పులిని గూర్చియు వ్రాసిన కథలు చదివినవారికి ఇది తెలియును. పులి చంపిన పశువు దగ్గర చెట్టుపై మంచె కట్టి, తుపాకికి బిగించిన టార్చిలైటు వెలుగులో కొద్ది గజముల దూరమున కాల్చుటయే ఆ నాటి పద్ధతి. అంత దగ్గరలో దూరము ఒక సమస్య కాదు. చీకటియు నిద్రయు దోమలును సమస్యలు. అంతకు పూర్వపు తిన్నని మాట చెప్పనేల? ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యమున కనబడు ఆ బోయకుమారుడు విల్లు పట్టి మృగము వెంట పరుగెత్తినవాడే గాని దూరమున కూర్చుండి లెక్కలు కట్టినవాడు కాడు. అయినను గురి అననేమో అతనికి తెలియును. తన రెండవ కంటిని పెకలించుకొనిన పిదప స్వామి కన్ను ఎచ్చట నున్నదో కనబడదని ముందుగనే పాదమును ఆ చోట ఆనించి గుర్తుంచుకొనెనని గదా కథ!

దూరము పెరిగినపుడే చిక్కు మొదలగును. గుండు తుపాకి విడిచిన మరుక్షణమునుండియు భూమి దానిని క్రిందికి లాగుచుండును. సగటున సెకనుకు 800 మీటర్ల వేగముతో పోవు గుండు 400 మీటర్లు పోవునప్పటికి అర సెకను గడచును. ఆ లోపల అది 122 సెంటీమీటర్లు దిగును. వేటగాడు ఆ మేరకు పైకి గురిపెట్టును. మృగము 400 మీటర్లలో ఉన్నదని తలచి అట్లు కాల్చినపుడు, నిజముగా అది 450 మీటర్లలో ఉన్నచో, అదే వేగముతో లెక్కించినను గుండు 17 సెంటీమీటర్లు దిగువగా తగులును. గాలి నిరోధమువలన వేగము తగ్గుచుండును గనుక తేడా ఇంకను ఎక్కువ. గుండెకు తగులవలసినది కాలికి తగులును. మృగము చావదు, కుంటుచు పొదలలో దూరును. ఇది కేవలము జాలి మాట కాదు. 1907లో జిమ్ కార్బెట్ చంపిన చంపావత్ ఆడపులి నోటి కోరలు ఏనాటిదో ఒక తుపాకి దెబ్బకు విరిగి ఉండెను. అందువలననే అది సహజమైన వేట మాని మనుష్యులపై పడెనని ఆయన నిర్ణయించెను. ఎవడో తప్పుగా కొట్టిన దెబ్బకు వందలకొలది పల్లెవాసులు ఋణము తీర్చుకొనిరి.

ఇక ఎన్నిక మాట. పెట్టెమీద పెద్ద అక్షరములతో అచ్చువేసిన దూరమును చూచి కొనువాడు మోసపోవును. వేయి మీటర్లని వ్రాసినచో అది సాధారణముగా బాగుగా మెరయు ఫలకమునకు వర్తించు అంకె. చెట్టునకు అంతకన్న తక్కువ, దుప్పి చర్మమునకు మరింత తక్కువ; సగము మాత్రమే దొరకుటయు కద్దు. మంచి తయారీదారులు ఈ మూడు అంకెలను వేరువేరుగా ఇత్తురు. మూడవ అంకె చెప్పని పెట్టెను అక్కడనే పెట్టివేయుట మేలు. ఆ అంకెయు మబ్బు పట్టిన వేళకో సాయంకాలమునకో చెందినది. రాయలసీమ ఎండలో, మిట్టమధ్యాహ్నము, మెరయు బండల నడుమ సూర్యకాంతియే పరికరము కన్ను చెదరగొట్టును. కొలత మేర తగ్గిపోవును.

కిరణము సూదివలె సన్నముగా పోవునని పలువురు భ్రమపడుదురు. అదియు విప్పారును. మీటరునకు 2 మిల్లీమీటర్ల చొప్పున విప్పారు కిరణము 500 మీటర్ల కడ మీటరు వెడల్పైన వలయమగును. అప్పుడు అది దుప్పిని మాత్రమే గాక ముందున్న కొమ్మను, వెనుకనున్న బండను గూడ తాకును. తెరమీద కనబడిన అంకె ఎవరిది? అందుకే మంచి పరికరములలో మొదటి వస్తువును ఎన్నుకొను ఏర్పాటును, చివరి వస్తువును ఎన్నుకొను ఏర్పాటును రెండును ఉండును. ఎర్రచందనపు కొమ్మల సందున చూచువానికి చివరిది కావలెను. బయలులో నిలిచిన దుప్పికి మొదటిది. శేషాచలము వంటి చోట ఈ ఏర్పాటు లేని వస్తువు ఎంత చౌకయైనను దండుగ.

వాలు సంగతి బడి పిల్లలకు గూడ చెప్పదగినది. 30 డిగ్రీల వాలున 400 మీటర్లని పరికరము చెప్పినచో సమతలముమీది దూరము 346 మీటర్లే. గుండు దిగుబాటునకు స్థూలముగా ఈ రెండవ దూరమే లెక్క. కోణమును కొలిచి ఈ దిద్దుబాటును తనంతట తానే చేయు పరికరములు కలవు. త్రికోణమితి ఎందుకు చదువవలెనని అడుగు విద్యార్థికి తిరుమల కొండవైపు చేయి చూపిన చాలును. కంటికి హాని చేయని ఒకటవ తరగతి లేజరా కాదా అని చూచుట, దూరదర్శినిగా ఆరు రెట్లు చూపుట చాలునని గ్రహించుట, ఇవి ఎవరైనను చెప్పగల సంగతులు.

2023 ఆగస్టులో అలిపిరి కాలిబాటపై చిరుతపులి ఆరేండ్ల బాలికను బలిగొనిన పిదప తిరుపతివారి నోట ఒకే ప్రశ్న. ఆ కొండలలో చిరుతలెన్ని? వాటి మేని మచ్చలు మన వ్రేలిముద్రలవలె ఒక్కొక్క దానికి ఒక్కొక్క తీరు గనుక కెమెరాలు అమర్చి లెక్కింపవచ్చును. కాని వాటికి తిండి ఎంత ఉన్నదని రెండవ ప్రశ్న. దుప్పులను, కణుజులను, అడవిపందులను అట్లు ఒక్కొక్కటిగా గుర్తించుట ఆచరణలో సాధ్యము కాదు. అక్కడ దూరమాపకము అక్కరకు వచ్చును.

దేశములో నాలుగేండ్ల కొకసారి జరుగు పులుల గణనలో అనుసరించు పద్ధతి ఇది. అడవిలో సుమారు 2 కిలోమీటర్ల తిన్నని గీతను ఏర్పరచి, ఉదయము ఉద్యోగులు సడి చేయక దానివెంట నడతురు. మంద కనబడగనే ఎన్ని మృగములో, పరికరముతో ఎంత దూరమో, దిక్సూచితో ఏ కోణమో వ్రాసుకొందురు. 60 మీటర్ల దూరమున 30 డిగ్రీల కోణమున కనబడిన మంద గీతకు 30 మీటర్ల ప్రక్కన ఉన్నట్లు. ఇట్టి ప్రక్కదూరములనుండి, గీతకు ఇరువైపుల ఎంత వెడల్పు మేర మృగములు కంటబడుచున్నవో గణింతురు. కనబడిన మృగముల సంఖ్యను ఆ వైశాల్యముతో భాగించిన సాంద్రత వచ్చును. ఇప్పుడు కన్ను పొరపడి ప్రతి దూరమును మూడవ వంతు హెచ్చుగా చెప్పినదనుకొందము. వెడల్పు మూడవ వంతు పెరుగును, సాంద్రత నాలుగవ వంతు తరుగును. అడవిలో నలుబది దుప్పులున్న చోట కాగితముమీద ముప్పదియే మిగులును. కన్నుకు మరియొక దురలవాటు కలదు. అది యేబది, నూరు అని గుండ్రని అంకెలనే చెప్పును. నలుబదియేడని ఎన్నడును చెప్పదు.

అయితే పరికరము దూరమునే చెప్పును, ఎదుటనున్నదెవరో చెప్పదు. దశరథుని శబ్దవేధ విద్యలో లోపము లేదు. చీకటిలో ధ్వనినిబట్టి వేసిన బాణము తగులవలసిన చోటనే తగిలెను. కుండ నీట మునుగు చప్పుడును ఏనుగు నీరు త్రాగు చప్పుడనుకొనుటలోనే ముని కుమారుని ప్రాణము పోయెను. అందుకే గణనకు పోవువారికి పరికరము ఇచ్చుటకు ముందు పొద మాటున కణుజును దుప్పినుండి పోల్చుటను నేర్పవలసియుండును.

ఉపాధ్యాయులు దీనిని పరికరము లేకయే పరీక్షింపవచ్చును. పాఠశాల ఆవరణములో వేపచెట్టు, జెండాకొయ్య, ప్రహరీగోడ మూల, ఈ మూడింటి దూరములను పిల్లలచేత ముందు కంటితో ఊహింపజేసి వ్రాయింపవలెను. పిదప టేపుతో కొలువవలెను. చెట్టునీడన నిలిచి ఎండలోనికి చూచిన పిల్లల అంకెలను, ఎండలో నిలిచి నీడలోనికి చూచిన పిల్లల అంకెలను వేరువేరు వరుసలలో వ్రాసి ప్రక్కప్రక్కన ఉంచి చూడవలెను.