చూలాలి మనసు

1996 నవంబరు 6వ తేది రాత్రి కోనసీమపై పెను తుపాను విరుచుకుపడెను. ఆ తీరమున వేయిమందికి పైగా అసువులు బాసిరి. కూలిన కొబ్బరిచెట్లకును, పడిన యిండ్లకును లెక్క గలదు. ఆ రాత్రి చూలాండ్ర గుండెలలో చెలరేగిన గాలివానకు లెక్క కట్టిన వారెవ్వరు?

కెనడా దేశమందలి క్వెబెక్ రాష్ట్రమును 1998 జనవరిలో మంచువాన ముంచెత్తగా, లక్షలాది గృహములలో దీపము, వెచ్చదనము కరవయ్యెను. సుజాన్ కింగ్ అను పరిశోధకురాలు నాటి గర్భవతుల బిడ్డలను ఏండ్ల తరబడి పరిశీలించెను. తల్లి పడిన యిడుమలు హెచ్చిన కొలది బిడ్డ మాటలోను, బుద్ధివికాసములోను కొంత వెనుకబాటు కానవచ్చెను.

భయాందోళనలచే తల్లి రక్తమున కార్టిసాల్ అను రసము పెరుగును. మాయ దానిని చాలవరకు అడ్డగించును. కలత తీవ్రమై చిరకాలము సాగినచో ఆ కాపుదల సడలవచ్చును. నెలలు నిండని కాన్పులకును, తక్కువ బరువుతో బిడ్డ పుట్టుటకును అవకాశము హెచ్చును.

గర్భస్థుడైన ప్రహ్లాదుడు నారదుని బోధ వినెనని పురాణగాథ. కాని నారదుడు మొదట చేసిన పని బోధ గాదు. ఇంద్రుడు చెరపట్టిన లీలావతిని విడిపించి, ఆశ్రమమున నీడ నిచ్చుట.

ఇది తల్లి నేరము గాదు, బిడ్డ నుదుటివ్రాతయు గాదు. పుట్టిన పిమ్మటి లాలన, పోషణ ఎంతో లోటును పూడ్చగలవు. తుపానుల త్రోవలోనున్న కోనసీమలో గాలి వెలిసిన మరునాడు చూలాలికి ముందుగా కావలసినవి కప్పు, కూడు, తోడు. సీమంతమున గాజులు తొడిగిన చేతులే ఆనాడును ఆమెను ఆదుకొనవలెను.