వాటా ఒకటే, ఓట్లు ఎన్ని?

రాయ్‌పూర్‌లోని డబ్ల్యూఆర్‌ఎస్ కాలనీ పేరు మీలో కొందరు వినే ఉంటారు. రైల్వే వ్యాగన్లను బాగుచేసే కర్మాగారం చుట్టూ పెరిగిన కాలనీ అది. పని కోసం వెళ్ళి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు అందులో ఉన్నాయి. అటువంటి ఇంట్లో ఒక తండ్రిని ఊహించుకోండి. ఆయనకు ఉద్యోగుల సహకార పరపతి సంఘంలో వాటాలున్నాయి, ఒక కంపెనీలో కూడా వాటాలున్నాయి. రెండు చోట్లా ఆయన మాటకు ఒకే విలువ ఉంటుందా?

ఉండదు. సహకార సంఘంలో ఎన్ని వాటాలున్నా సభ్యునికి ఒకటే ఓటు. కంపెనీలో ఓటు మనిషిని బట్టి కాదు, వాటాను బట్టి వస్తుంది. సభలో చేతులెత్తమన్నప్పుడు తలకొక ఓటే లెక్కిస్తారు గాని, పోలింగు జరిగితే వెయ్యి వాటాలవాడివి వెయ్యి ఓట్లు, పది వాటాలవాడివి పదే.

అయితే అన్ని వాటాలకూ ఓటు ఉంటుందా? 2013 కంపెనీల చట్టం వాటాలను రెండు రకాలుగా విభజించింది. ఈక్విటీ వాటాలకు అన్ని తీర్మానాల మీదా ఓటు ఉంటుంది. ఆధిక్యపు వాటాదారులకు డివిడెండు ముందుగా అందుతుంది. అందుకు బదులుగా, తమ హక్కులకు నేరుగా సంబంధించిన తీర్మానాలు, కంపెనీ మూసివేత, మూలధనం తగ్గింపు వంటి కొన్ని విషయాల్లోనే వారు ఓటు వేయగలరు. కాని చట్టంలో ఒక మెలిక ఉంది. రెండేళ్ళు లేదా అంతకుమించి డివిడెండు ఇవ్వకపోతే వారికీ అన్ని తీర్మానాల మీదా ఓటు వస్తుంది. ఈ మెలికను గుర్తుంచుకోండి. మన అసలు విషయం దీని చుట్టూనే తిరుగుతుంది.

కంపెనీలు అప్పు తీసుకునేటప్పుడు, చేతులు మారేటప్పుడు రాసుకునే ఒప్పందాల్లో మొదటి పేజీలు నిర్వచనాలకే పోతాయి. నేను భౌతికశాస్త్రం బోధించేవాణ్ణి. ద్రవ్యరాశికీ బరువుకూ తేడా చెప్పకుండా లెక్క మొదలుపెడితే ఏమవుతుందో నాకు తెలుసు. ఇక్కడా అంతే. ‘ఓటు హక్కు గల వాటాలు’ అనే మాటకు అటువంటి ఒప్పందాల్లో తరచుగా కనిపించే అర్థం ఇది: సాధారణ పరిస్థితుల్లో కంపెనీ డైరెక్టర్లను ఎన్నుకోవడానికి ఓటు ఇచ్చే వాటాలు. ఏదైనా సంఘటన జరిగితే మాత్రమే ఓటు వచ్చే వాటాలు ఇందులో చేరవు.

‘సాధారణ పరిస్థితుల్లో’ అన్న మాట ఎందుకు? ఒక లెక్క చేద్దాం. ఒక కంపెనీలో 1,00,000 ఈక్విటీ వాటాలు, 20,000 ఆధిక్యపు వాటాలు ఉన్నాయనుకోండి. అన్నిటి ముఖవిలువ 10 రూపాయలే. స్థాపకుని చేతిలో 52,000 ఈక్విటీ వాటాలున్నాయి. స్థాపకుని ఓటు వాటాలు 51 శాతం కంటే తగ్గితే అప్పు మొత్తం వెంటనే చెల్లించాలని బ్యాంకు షరతు పెట్టింది. ఇప్పటికి ఆయనది 52 శాతం. రెండేళ్ళు డివిడెండు ఆగిపోయింది. ఆధిక్యపు వాటాలకూ ఓటు వచ్చింది. వాటినీ కలిపితే మొత్తం ఓట్లు 1,20,000 అవుతాయి, స్థాపకుని వంతు సుమారు 43 శాతానికి పడిపోతుంది. ఆయన ఒక్క వాటా కూడా అమ్మలేదు, అయినా అప్పు నెత్తిన పడింది! నిర్వచనంలో ఆ రెండు మాటలూ ఉంటే లెక్క 52 దగ్గరే ఆగుతుంది. డివిడెండుకే డబ్బులేని కంపెనీ అప్పంతా ఒక్కసారి కట్టగలదా, మీరే ఆలోచించండి.

మరో చిక్కు కూడా ఉంది. ఈక్విటీ వాటాలన్నిటికీ సమానమైన ఓటు ఉండాలని లేదు. 2008లో టాటా మోటార్స్ ఒక కొత్త తరగతి వాటాలు జారీ చేసింది. వాటిలో పది వాటాలకు ఒక ఓటు, డివిడెండు మాత్రం 5 శాతం ఎక్కువ. 2024లో వాటిని రద్దుచేసి, ప్రతి పదింటికి ఏడు మామూలు వాటాలు ఇచ్చారు. ఇటువంటి కంపెనీతో ఒప్పందం రాసేటప్పుడు వాటాలను లెక్కించాలా, ఓట్లను లెక్కించాలా అన్నది తప్పక చెప్పాలి.

ఈ శాతాల బలం తెలుగువారికి దగ్గరగా కనిపించింది హైదరాబాదు సత్యం కంప్యూటర్స్‌లో. 2008లో ఆ కంపెనీ స్థాపకుల చేతిలో ఉన్నది దాదాపు 8 శాతమే. మిగతా వాటాలు వేలాదిమంది దగ్గర చెదిరి ఉండటం వల్ల అంతటితోనే పెత్తనం సాగింది. పైగా ఆ వాటాల్లో చాలా భాగం తనఖాలో ఉన్నాయి. తనఖా పెట్టినంత మాత్రాన ఓటు పోదు, అమ్మేస్తే కొన్నవాడికి పోతుంది. అప్పిచ్చినవారు వాటిని అమ్మేశారు. 2009 జనవరి 7న ఖాతాల మోసం బయటపడింది. కొద్ది రోజుల్లోనే ప్రభుత్వం కొత్త డైరెక్టర్లను నియమించింది.

అదే ఏడాది ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా తన అనుబంధ కంపెనీ ద్వారా, వాటా 58 రూపాయల చొప్పున, 31 శాతం తీసుకోవడానికి ఎంపికైంది. అవి పాతవారి దగ్గర కొన్నవి కావు, కంపెనీ కొత్తగా జారీ చేసినవి. 31 శాతం అన్నది పెరిగిన మొత్తంలో లెక్క. అంటే పాత వాటాలు 100 ఉంటే కొత్తవి సుమారు 45. అప్పటివరకు నూటికి ఒక ఓటు ఉన్న వాటాదారుకు 0.69 మాత్రమే మిగిలింది. అతని వాటాల సంఖ్య మాత్రం మారలేదు.