పోలీసు చరిత్ర ప్రదర్శనశాల – వయోజన విద్య: ‘పితూరీ’ అనే మాట

వయోజనులు ప్రదర్శనశాలకు వచ్చేనాటికే ఇంటి పెద్దల నోట కొంత చరిత్ర విని ఉంటారు. పోలీసు చరిత్రను బోధించేవారు ముందుగా గుర్తించవలసిన అంశమిదే.

సంగారెడ్డి పాత కారాగారం 2016లో ప్రదర్శనశాలగా మారింది. 500 రూపాయలు చెల్లించి ఒకరోజు ఖైదీ జీవితాన్ని గడిపే ఏర్పాటు అక్కడ చేశారు. ఇది అనుభవాన్నిస్తుంది, అయితే వయోజన విద్యకు అనుభవంతోపాటు చర్చ కూడా అవసరం.

ఇందుకు గోదావరి, విశాఖ మన్యాల చరిత్ర తగిన పాఠ్యాంశం. 1879 రంప తిరుగుబాటుకు కల్లుపై పన్ను, పోలీసుల వేధింపులు ముఖ్య కారణాలు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగా దాడిచేసి ఆయుధాలను స్వాధీనం చేసుకుంది. నాటి పాలకులు ఇటువంటి తిరుగుబాట్లను ‘పితూరీ’ అన్నారు. ప్రజలు ‘మన్యం పోరాటం’ అని స్మరించుకుంటున్నారు. నేటి వ్యవహారంలో పితూరీ అంటే చాడీ. ఒకే ఘటనకు రెండు పేర్లు ఎందుకు ఏర్పడ్డాయన్న ప్రశ్నతో పాఠం మొదలుపెట్టవచ్చు.

విద్య సంభాషణగా సాగాలని పావ్లో ఫ్రెయిరీ ప్రతిపాదించాడు. ఆ దృష్టితో చూస్తే, ఠాణా దస్త్రం పక్కన మన్యం వృద్ధుల మౌఖిక కథనానికీ చోటివ్వాలి. లేనిచో ప్రదర్శనశాల పాలకుల వాంగ్మూలంగానే మిగిలిపోతుంది.