గోడకు పొడుగు కాలు!

సంక్రాంతికి రామన్నపేట వెళ్లినప్పుడు, ఆన్‌లైన్‌లో కొన్న బ్రాకెట్లతో అమ్మకు వంటింట్లో షెల్ఫ్ బిగించా. మూడో రోజు రాత్రి ధడేల్! బియ్యం డబ్బా, మామిడికాయ తొక్కు జాడీ అన్నీ కిందే. పొద్దున అమ్మ కూరగాయలు కోస్తూ కూర్చునేది సరిగ్గా అక్కడే.

ఒంగిన బ్రాకెట్ పట్టుకుని వెల్డింగ్ షాపుకు పోయా. అన్న చూసి నవ్వాడు: "పలకకు పొట్టి కాలు, గోడకు పొడుగు కాలు ఉండాలె తమ్మీ. నువ్వు ఉల్టా పెట్టినవ్."

లెక్క వేస్తే నిజమే. 12 అంగుళాల పలక మీద బరువు సగటున గోడకు 6 అంగుళాల దూరంలో పడుతుంది. ఒక్కో బ్రాకెట్ మీద 10 కిలోలు ఉన్నాయనుకోండి. గోడ కాలు 3 అంగుళాలైతే పై స్క్రూను బయటికి లాగే బలం దాదాపు 20 కిలోలు. 12 అంగుళాలైతే 5 కిలోలే!

అన్న 25 మిల్లీమీటర్ల వెడల్పు, 5 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనుప పట్టీ కోసి, మూలమట్టం పెట్టి అతికించాడు. మధ్యలో ఏటవాలుగా ఇంకో ముక్క వెల్డ్ చేశాడు. అసలు బలం ఆ త్రిభుజానిదే. రెడ్ ఆక్సైడ్ పూసి, ప్లగ్గులు ప్లాస్టరింగ్ దాటి ఇటుకలోకి దిగేలా బిగించాం.

బీటెక్‌లో ఈ చాప్టర్ పాసయ్యా. అర్థమైంది మాత్రం షాపు ముందే. మీ ఇంట్లోనూ షెల్ఫ్ ఉందా? టేపు తీసి గోడ కాలు కొలవండి.