జిప్ కట్ట: దాని పుట్టుక, ప్రయోజనము



పట్టణములలోని మన పిల్లలు నాలుగైదు కాగితములను ఒక్క కట్టగా చేసి ఫోనునకు పంపుచుందురు. దానిని జిప్ ఫైలందురు. అంత వ్రాత ఇంత చిన్న కట్టలో ఎట్లిమిడినది? విప్పునపుడు అక్షరలోపము కలుగదా? అని పెద్దలు నన్నడుగుచుందురు. ఆ సంగతి నేడు విన్నవించెదను.

మన క్రయ దస్తావేజులను చూడుడు. పొలము యొక్క సర్వే నంబరును, విస్తీర్ణమును, నాలుగు హద్దులను ఒక్కసారి వ్రాసి, ఆ మీదట "సదరు భూమి" అని మాత్రమే వ్రాయుదురు. చదువరి వెనుకకు చూచి సర్వమును గ్రహించును. జిప్ చేయు పనియు నిట్టిదే. ఒకసారి వచ్చిన అక్షరపంక్తి మరల వచ్చినచో దానిని తిరిగి వ్రాయదు. "ఇంత దూరము వెనుకకు పోయి, అచ్చటినుండి ఇన్ని అక్షరములు గైకొనుము" అను గుర్తును మాత్రముంచును. విప్పునపుడు ఆ గుర్తున్నచోట మొదటి యక్షరములే యథాతథముగ నిలుచును. ఒక్క పొల్లైనను పోదు. ఈ యుపాయమును 1977లో లెంపెల్, జివ్ అను ఇజ్రాయెల్ పండితులు ప్రకటించిరి. తరచుగ వచ్చువానికి పొట్టి గుర్తులను, అరుదుగ వచ్చువానికి పొడుగు గుర్తులను ఇచ్చు 1952 నాటి హఫ్‌మన్ పద్ధతియు దీనికి తోడైనది.

జిప్‌ను కల్పించినవాడు అమెరికాలోని మిల్వాకీ నగరవాసి ఫిల్ కాట్జ్. అంతకు పూర్వము ఆర్క్ అను కట్ట వాడుకలో నుండెను. ఆ కట్టనే మరింత వేగముగ కట్టి విప్పు సాధనమును కాట్జ్ చేయగా, ఆర్క్ యజమానులు 1988లో అతనిపై దావా వేసిరి. రాజీ కుదిరినది. కాట్జ్ ఆ మార్గమును విడిచి, 1989లో జిప్‌ను వెలువరించెను. విశేషమేమనగా, దాని నిర్మాణక్రమమును దాచక లోకమునకు వెల్లడించెను.

గుట్టుగ నుంచిన విద్య గురువుతోనే అంతరించుట మనమెరిగినదే. కాట్జ్ 2000లో, 37 ఏండ్ల ప్రాయముననే మరణించెను. దాచనందున అతని విద్య నిలిచినది. నేటి ఆండ్రాయిడ్ యాప్‌ల కట్టలును, వర్డ్ డాక్స్ పత్రములును లోపల జిప్‌లే. సామాన్యముగ ప్రతి జిప్ కట్ట మొదటను అతని పేరి పొడియక్షరములు "పి", "కె" నేటికిని ఉండును.

వాడుకలో రెండు సంగతులు గుర్తుంచుకొనుడు. ఫొటోలు సాధారణముగ ముందే కుదింపబడి యుండును గనుక, కట్టినను అంతగా తగ్గవు. ఎరుగనివారు పంపిన కట్టను విప్పరాదు. లోపల ఏమున్నదో పైకి తెలియదు గదా!